"ఈ చెయ్యి నీది కాదుగా!"

స్కాట్లండ్ నుంచి ఒక పాఠకురాలు మూడు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయొద్దన్నారు. సంగతి క్లుప్తంగా ఇది.

ఆమెకు 31 ఏళ్లు. పుట్టి పెరిగింది భీమవరం దగ్గర. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చేసి, నాలుగేళ్లు ఇంటర్ పిల్లలకు లెక్కలు చెప్పారు. భర్త ఉద్యోగం వల్ల రెండేళ్ల కిందట ఎడిన్‌బరో వెళ్లారు. అక్కడ ఇంకా ఉద్యోగం దొరకలేదు. ఇంట్లో ఒక్కరే ఉండలేక, ప్రతి బుధవారం పక్క వీధి లైబ్రరీలో స్వెట్టర్లు అల్లేవాళ్లు కలుస్తుంటే అక్కడికి వెళ్లడం మొదలుపెట్టారు. అందులో డెబ్బై దాటిన ఒకావిడ ఐదు మీగడ రంగు ఊలుబంతులు, చంటిపిల్లల స్వెట్టర్ ప్యాటర్న్ ఉన్న పాత కాగితం ఒకటి చేతిలో పెట్టారు. హైదరాబాద్‌లో ఉన్న ఆడపడుచుకు సంక్రాంతికి పురుడు. "నేనే స్వెట్టర్ అల్లి పంపిస్తున్నా" అని ఈమె ఫ్యామిలీ వాట్సాప్ గ్రూపులో ఘనంగా ప్రకటించారు.

ఇప్పటికి మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లు విప్పేశారు. "ఆ కాగితం చూస్తే కళ్లు తిరుగుతున్నాయి. 'కె2, *పి1, కె3. రిపీట్ ఫ్రమ్ * టు లాస్ట్ 3, పి1, కె2' అని ఉంటుంది. నక్షత్రం గుర్తు చూడగానే నాకు గుణకారం గుర్తొస్తుంది. బ్రాకెట్లు చూస్తే ముందు వాటి సంగతి తేల్చాలనిపిస్తుంది. ఒకసారి అల్లిన వీపు భాగం పదకొండున్నర అంగుళాలు వచ్చింది, కాగితంలో తొమ్మిదిన్నర అని ఉంది. ఇంకోసారి చంక దగ్గరికి వచ్చేసరికి లెక్క కలవలేదు. అర్థమైందా అని అడిగితే తల ఊపేస్తున్నాను" అని రాశారు.

నాలుగోసారి ఈమె కాస్త అల్లాక, ఆ పెద్దావిడ జాలిపడి సూదులు తీసుకుని తనే నాలుగు అంగుళాలు అల్లి ఇచ్చారట. ఈమె దాన్ని ఫొటో తీసి గ్రూపులో పెట్టారు. అత్తగారిది నరసాపురం దగ్గర పల్లెటూరు. పదేళ్ల వయసు నుంచీ లేసు అల్లుతున్న మనిషి, ఏ రోజూ కాగితం ముట్టుకోలేదు. ఆదివారం వీడియో కాల్‌లో ఆ ముక్కను దగ్గరగా చూపించమని, రెండు నిమిషాలు చూసి, "కింద వదులు, పైన బిగువు. ఈ చెయ్యి నీది కాదుగా అమ్మాయ్!" అన్నారట. మామగారు, ఆడపడుచు, ఆమె భర్త అందరూ వింటుండగానే. "ఇరవై పౌండ్లు పారేసి షాపులో కొని, లేబుల్ పీకేసి పంపించు" అని భర్త సలహా. "లెక్కల టీచర్‌ని, ఒక కాగితం చదవలేకపోతున్నాను. అత్తయ్యగారితో మాట్లాడటం మానేసి పది రోజులైంది. బుధవారం క్లాసు కూడా మానేద్దామనుకుంటున్నాను. ఏం చెయ్యను?" అని అడిగారు.

*

మీ ఉత్తరం చదివి నవ్వుకున్నాను. మీ అత్తగారి మాట దగ్గర మాత్రం కాసేపు ఆగాను, అక్కడికి తర్వాత వస్తాను. ముందు ఆ కాగితం సంగతి.

లెక్కలు వచ్చినవాళ్లకు ప్యాటర్న్ కష్టంగా ఉండటం నాకేమీ వింతగా అనిపించలేదు. మీరు దాన్ని సమీకరణం అనుకుని, మొత్తం అర్థమయ్యాకే పెన్ను పెట్టాలని చూస్తున్నారు. నక్షత్రం గుర్తు అక్కడ గుణకారం కాదు. మళ్లీ ఇక్కడికే రావాలని గుర్తుగా పాతిన రాయి, అంతే. మీరు దీనికంటే పొదుపైన రాతలు చిన్నప్పటినుంచీ చదువుతున్నారు. ధనుర్మాసంలో వారపత్రికలో ముగ్గు కింద ఏముండేది? "15 చుక్కలు, సందు చుక్క 8 వరకు." అంతే కదా. కొత్తవాళ్లకు అది మంత్రంలా ఉంటుంది. మీరు మాత్రం గడప ముందు వంగి పదిహేను పెట్టి, పైన సందుల్లో పద్నాలుగు, ఆ పైన పదమూడు, ఎనిమిది దాకా వెళ్లి ఆపి, కింది వైపు కూడా అలాగే పెట్టేవారు. ముగ్గు మొత్తం అర్థమయ్యాక మొదలుపెట్టారా? చేతిలో పిండి ఉంది కాబట్టి ఒక్కో చుక్కా అర్థమైంది.

ఇదీ అంతే. మీరు రాసిన వరసనే తీసుకుందాం. కె అంటే నిట్, పి అంటే పర్ల్. ఢిల్లీలో మా పక్కింటి పంజాబీ ఆంటీ మాటల్లో సీధా, ఉల్టా. కాగితంలో వీపు భాగానికి చెప్పిన 53 కుట్లతో తలపడకండి. ఏదైనా పాత ఊలుతో సూదికి 13 కుట్లే ఎక్కించండి. రెండు నిట్. ఇక్కడ నక్షత్రం గుర్తు, అంటే రాయి పాతాం. ఒక పర్ల్, మూడు నిట్. ఎడమ సూదిలో ఎన్ని మిగిలాయో చూడండి, ఏడు. చివరి మూడింటి దాకా అన్నాడు కాబట్టి ఇంకా చోటుంది, మళ్లీ రాయి దగ్గరికి. ఒక పర్ల్, మూడు నిట్. ఇప్పుడు మూడే మిగిలాయి. ఆగండి. ఒక పర్ల్, రెండు నిట్. అయిపోయింది. "టు లాస్ట్ 3" అంటే మూడు కుట్లు అల్లమని కాదు, సూది మీద మూడు మిగిలేటప్పటికి ఆగమని. మొదట్లో చాలామంది పొరబడేది ఇక్కడే. మీ వీపు భాగంలో 53 ఉంటే ఈ తిరుగుడు సరిగ్గా 12 సార్లు వస్తుంది. ఎందుకో మీకు చెప్పక్కర్లేదు, తిరుగుడుకు నాలుగు, రెండు అంచులకూ కలిపి ఐదు, అంటే నాలుగు ఎన్‌లు ప్లస్ ఐదు.

ఇక బ్రాకెట్లు. "53 (57, 61, 69)" అని ఉందన్నారు. అవి నాలుగు వేర్వేరు స్వెట్టర్లు. 0–3 నెలల బిడ్డకు బ్రాకెట్ బయటి అంకె, 3–6 నెలలకు లోపల మొదటిది, అలా. మీ లెక్క చంక దగ్గర ఎందుకు తప్పిందో మీ ఉత్తరంలోనే ఉంది. 53తో మొదలుపెట్టి, అక్కడికి వచ్చేసరికి "బ్రాకెట్ లోపలిదే అసలు సంఖ్య అనుకున్నాను" అని రాశారు. బిడ్డ కింద పుట్టినప్పుడు ఉన్నంత, చంక దగ్గర మూడు నెలలు పెరిగి ఉంటాడు! కాగితాన్ని జిరాక్స్ తీయించండి. మీకు కావాల్సిన సైజు అంకెకు మొదటి నుంచి చివరి దాకా ఎర్ర పెన్నుతో సున్నా చుట్టండి, తక్కినవి పెన్సిల్‌తో కొట్టేయండి. ఇరవై నిమిషాల పని. ఆ పని చేయకుండా సూదులు ముట్టుకోవద్దు.

పదకొండున్నర అంగుళాల వీపు సంగతి మాత్రం మీ తప్పు కాదేమో. ఆ పాత కాగితంలో "నంబర్ 8 సూదులు" అని ఉంది, మీరు ఆన్‌లైన్‌లో అమెరికా సెట్టు తెప్పించుకుని అందులో 8 వాడాను అన్నారు. బ్రిటన్ పాత లెక్కలో 8 అంటే 4 మిల్లీమీటర్లు. అమెరికా లెక్కలో 8 అంటే 5 మిల్లీమీటర్లు. రెండూ ఎనిమిదే, లావు వేరు. మన దేశంలోనూ పాతకాలం వాళ్లు బ్రిటన్ నంబర్లే వాడతారు. మా పక్కింటి ఆంటీ 10 నంబర్ అంటే 3.25 మిల్లీమీటర్లు, అదే అమెరికాలో 10 అడిగితే 6 మిల్లీమీటర్ల కర్ర చేతిలో పెడతారు. ఈ ఒక్క విషయంలో కాగితాన్ని నమ్మకుండా, సూది మీద మిల్లీమీటర్లు చూసుకోండి.

అసలు ఈ గొడవ ముందే తెలిసే ఏర్పాటు ఆ కాగితం మొదట్లోనే ఉంది. "టెన్షన్" అనే మాట కనిపించి ఉంటుంది. మనకు ఉన్న టెన్షన్ చాలదా అని దాటేసి ఉంటారు. బ్రిటన్ ప్యాటర్న్‌లలో టెన్షన్ అంటే చేతి బిగువు, అమెరికావాళ్లు దాన్నే గేజ్ అంటారు. మీ కాగితంలో అంగుళానికి ఐదున్నర కుట్లు అని ఉందన్నారు. మీ 53 కుట్లు పదకొండున్నర అంగుళాలు వచ్చాయంటే మీకు అంగుళానికి నాలుగున్నర చిల్లర పడుతున్నాయి. వీపు రెండు అంగుళాలు ఎక్కువైతే, ముందు భాగాలతో కలిపి చుట్టుకొలత నాలుగు అంగుళాలు పెరుగుతుంది. చంటిబిడ్డ అందులో ఈదాలి. ఐదంగుళాల చదరపు ముక్క అల్లి, తడిపి, ఆరబెట్టి, మధ్యలో నాలుగు అంగుళాలకు ఎన్ని కుట్లు పడ్డాయో లెక్కపెట్టండి. 22 వస్తే సరే. తక్కువ వస్తే సూది సన్నంది తీసుకోండి, ఎక్కువ వస్తే లావుది. నేను మొదట్లో ఈ ముక్క అల్లడం దండగ అనుకునేదాన్ని. మా ఆయనకు అల్లిన మొదటి స్వెట్టర్‌కి మెడ ఎంత బిగించి ముగించానంటే, ఆయన తల దూరలేదు. విప్పి మళ్లీ అల్లేసరికి మాకు విజయవాడ బదిలీ అయింది. అక్కడ దాన్ని ఎప్పుడు వేసుకుంటారు!

కాగితం కంటే ముందు చదవాల్సింది మీ చేతిలోని ముక్కని. ఇది ప్యాటర్న్‌లలో రాసి ఉండదు. నిట్ కుట్టు ఎదురుగా చూస్తే జడ పాయలా కనిపిస్తుంది. పర్ల్ అడ్డంగా పడుకున్న బియ్యపు గింజలా ఉబ్బి ఉంటుంది. ఒకే కుట్టు ఇటునుంచి జడ, అటు తిప్పితే గింజ. ఇది కళ్లకు అలవాటైతే, ఫోన్ మోగి ఎక్కడ ఆపారో మర్చిపోయినా ముక్కను చూసి చెప్పగలరు. మీ అత్తగారు చేసింది అచ్చంగా ఇదే.

కాగితంలో మాటలు మరీ చిరాకు పెడితే గళ్ల కాగితం తీసుకోండి. ఒక గడి ఒక కుట్టు. నిట్‌కి ఖాళీ గడి, పర్ల్‌కి చుక్క. నేను కనిపెట్టింది కాదు, అచ్చువేసిన చార్టుల్లో చాలావరకు ఇదే పద్ధతి. మీ వరసను అలా గీస్తే ముగ్గు చుక్కల్లాగే ఉంటుంది. చదవడం మాత్రం కింది నుంచి పైకి. ముక్క మంచివైపు మీకు ఎదురుగా ఉన్నప్పుడు కుడి నుంచి ఎడమకు, తిప్పాక ఎడమ నుంచి కుడికి. ఎడ్లు చేను దున్నినట్టు, ఒక చాలు ఇటు, ఒక చాలు అటు. తిప్పిన వరసలో ఖాళీ గడి వస్తే పర్ల్, చుక్క వస్తే నిట్ అల్లాలి. వెనక నుంచి అల్లుతున్నారు కదా, ముందువైపు జడ రావాలంటే వెనక గింజ వేయాలి.

చంక దగ్గర ఇంకో వాక్యం మిమ్మల్ని ఏడిపించిందన్నారు. "రెండు చివర్లా ఒక్కో కుట్టు తగ్గించండి, ఈ వరసలో, ఆ తర్వాత ప్రతి రెండో వరసలో, 43 మిగిలేదాకా." 53 నుంచి 43కి పది కుట్లు, వరసకు రెండు చొప్పున ఐదు తగ్గింపు వరసలు. ఒకటో వరస, మూడు, ఐదు, ఏడు, తొమ్మిది. పుస్తకంలో ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలు నిలువుగా రాసుకుని, బేసి అంకెల పక్కన "తగ్గించు" అని రాసి, అల్లిన కొద్దీ టిక్కు పెట్టుకోండి. కాగితం ఒక్క ముక్కలో చెప్పిందాన్ని తొమ్మిది ముక్కల్లో రాసుకోవడానికి నామోషీ ఏమీ లేదు. మీరున్న ఎడిన్‌బరోలోనే జేన్ గోగేన్ అనే ఆవిడ ఊలు దుకాణం నడిపేవారు. ఆవిడ 1840లో అల్లికల పుస్తకం అచ్చు వేయించినప్పుడు తన సొంత పొట్టి అక్షరాలు పెట్టుకున్నారు, అవి ఇవాళ్టి కె, పి పద్ధతి కాదు. ఆవిడ పెట్టుకోగా లేనిది మీరు పెట్టుకుంటే ఏం? మీ నోటుబుక్కులో "ని, ప" అని రాసుకోండి.

ఇక ఏ దారి పట్టాలన్నది. మీరు నవంబరు మొదటివారంలో రాశారు. పార్సిల్ చేరే రోజులు తీసేస్తే చేతిలో ఏడు వారాలున్నాయి.

చిన్న సైజే అల్లి పురుటికి పంపాలనుకుంటే, నా అంచనాలో మొత్తం 11,000 కుట్ల దాకా ఉంటాయి. కొత్త చెయ్యి నిమిషానికి 15 వేస్తుందనుకుంటే పన్నెండు గంటల పైచిలుకు. విప్పుకోవడాలు, లెక్క చూసుకోవడాలు కలిపి రెట్టింపు వేసుకోండి. రోజుకు ముప్పావు గంట కూర్చుంటే అవుతుంది. కానీ ఒక్క వారం జ్వరం వచ్చినా, మళ్లీ ఒకసారి విప్పాల్సి వచ్చినా మీకు రెండో రకం టెన్షన్ మొదలవుతుంది. పైగా అంత కష్టపడి పంపితే బిడ్డ వేసుకునేది నాలుగు వారాలే. ఫిబ్రవరి దాటితే హైదరాబాద్‌లో ఊలు ఎవరు వేస్తారు?

కాస్త పెద్దది అల్లితే ఎక్కువ రోజులు వస్తుందని 3–6 నెలలది మొదలుపెట్టొద్దు. ఆ సైజు సరిపోయేది ఏప్రిల్ నుంచి జూలై దాకా. నడి ఎండల్లో!

నేనైతే అన్నిటికన్నా పెద్దది, 69 కుట్లది, అల్లుతాను. వచ్చే ఏడాది డిసెంబరుకు బిడ్డకు పదకొండో నెల. అప్పటికి కాస్త వదులుగా, మొదటి పుట్టినరోజుకు సరిగ్గా సరిపోతుంది. కుట్లు 18,000 దాకా పెరుగుతాయి గానీ ఏడాది గడువు దొరుకుతుంది. పురుటికి వట్టి చేతులతో ఉండకుండా ఒక టోపీ పంపండి. 72 కుట్లు, రెండు నిట్ రెండు పర్ల్, ఐదున్నర అంగుళాలు అల్లి, చివరి కుట్లన్నిటిలోంచి ఊలు దూర్చి లాగి ముడేసి, పక్క కుట్టేయడమే. నాలుగు సాయంత్రాల పని. నష్టం ఏమిటంటే, గ్రూపులో స్వెట్టర్ అని చెప్పి టోపీ పంపారేమిటని ఎవరో ఒకరు అంటారు. ఒకరోజు అంటారు.

మీ వారు చెప్పిన దారీ ఉంది. మామూలుగా అయితే తప్పు కూడా కాదు, కొని పంపిస్తే కొన్నాం అని చెప్పొచ్చు. కానీ లేబుల్ పీకి పంపితే మీ అత్తగారి చేతికి అది అందిన అర నిమిషంలో మిషన్ అల్లిక అని తెలిసిపోతుంది. ఈసారి ఆవిడ పైకి ఏమీ అనరు. అదే ఎక్కువ కష్టం.

ఆవిడ మాట దగ్గరికి వచ్చాం. పదిమందిలో అన్నారని మీకు బాధ, నిజమే, అలా అనకుండా ఉండాల్సింది. అయితే ఆ మాటలో వెక్కిరింత ఎంత ఉందో నాకు తెలియదు, పనితనం మాత్రం నిండా ఉంది. ఫోన్ తెరలో మీగడ రంగు మీద మీగడ రంగు కుట్లు చూసి ఇద్దరి చేతులు వేరు చేయడం అందరికీ రాదు. 2024లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు వచ్చిన నరసాపురం లేసు ఆవిడ అల్లేది. దాన్ని అల్లే ఆడవాళ్లలో మీ అత్తగారి లాంటివాళ్లకు చూసి అల్లడమే చదువు. ఆవిడకు కాగితం రాదు, మీకు ముక్కను చూడటం ఇంకా రాదు. మీరు మాట మానేసింది ఆ చదువు చెప్పగలిగిన మనిషితోనే.

గ్రూపులో సంజాయిషీ రాయొద్దు, అది ఇంకో తమాషా అవుతుంది. ఆవిడ ఒక్కరికే ఫోన్ చేయండి. మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడ లేసు పట్టుకుని కూర్చునే వేళ అయితే మంచిది. "అత్తయ్యగారూ, పైన అల్లింది నేను కాదు, లైబ్రరీలో ఒక పెద్దావిడ. కింద వదులుగా ఉన్నదే నాది. మీరు ఎలా కనిపెట్టారు?" అని అడగండి. చివరి ప్రశ్న మర్చిపోకండి, నిజంగా తెలుసుకోవాలనే అడగండి. ఆవిడ మెత్తబడొచ్చు. లేదా "నాకు తెలుసులే" అని పెట్టేయొచ్చు కూడా. పెట్టేసినా మీ వైపు నుంచి అబద్ధం పోయింది, తర్వాత మాట్లాడటం తేలిక.

ఆవిడ మెత్తబడితే ఇంకో దారి తెరుచుకుంటుంది. మీ వైపు లేసు పనిలో పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని అంటారు కదా. మీ కాగితం చివరి పేరాలో "ఫినిషింగ్" అని రెండే లైన్లు ఉంటాయి, మొదటిసారి అల్లేవాళ్లు ఒక వారం ఇరుక్కుపోయేది అక్కడే. వీపు, రెండు ముందు భాగాలు, చేతులు మీరు అల్లి, విడి ముక్కలుగానే పంపించి, అతుకు, అంచుకు సన్న లేసు ఆవిణ్ణి వేయమని అడగొచ్చు. అప్పుడు స్వెట్టర్ మీ ఒక్కరిదే అని చెప్పుకోవడానికి ఉండదు. ముక్కల కొలతలు ఏ కాస్త తేడా ఉన్నా ముందు కనిపించేదీ ఆవిడకే. ఆ రెండిటికీ మీరు సిద్ధమైతేనే అడగండి. నానమ్మగా... కాదు, అమ్మమ్మగా ఆవిడకూ మనవడికి ఏదో అల్లాలని ఉండదా? ఆ మాట ఎవరూ అడిగి ఉండరు.

బుధవారం క్లాసు మాత్రం మానొద్దు. ఈసారి ఆ పెద్దావిడ చెయ్యి చాపితే సూదులు ఇవ్వకండి. మీ దగ్గరే ఉంచుకుని, "నేను అల్లుతాను, తప్పు చేసిన చోట ఆపండి" అనండి. అర్థం కాకపోయినా తల ఊపడం మీరు క్లాసులో ఎంతమంది పిల్లల్లో పట్టుకుని ఉంటారు! ఆవిడా మిమ్మల్ని పట్టుకునే ఉంటారు, మర్యాదకు ఊరుకున్నారు.

ఆవిడ అల్లిన నాలుగు అంగుళాలూ విప్పేయండి, సూది కూడా మారుతుంది కదా. ఊలు పాడవదు. పెద్ద సైజుకు ఐదు బంతులు చాలకపోవచ్చు, కాబట్టి లేబుళ్లు పారేయకండి. వాటి మీద రంగు అద్దిన విడత నంబరు ఉంటుంది, అదే నంబరు ఇప్పుడే వెతికి పెట్టుకోండి, తర్వాత కొంటే మీగడ రంగులోనే తేడా వస్తుంది. అత్తగారికి ముక్కలు పంపేటప్పుడు ఒక బంతి అదనంగా పెట్టండి. నచ్చకపోతే విప్పి మళ్లీ అల్లే మనిషిలా ఉన్నారు.